ఐఎల్టీఎస్ స్పీకింగ్‌లో మాట్లాడుతూ అభిప్రాయం మార్చుకుంటే మార్కులు పోతాయా?

గాజువాక నర్సు:

అందరికీ నమస్కారమండీ. నేను గాజువాకలో ఉంటాను, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. యూకే వెళ్దామని ఇంగ్లీషు పరీక్ష ఐఎల్టీఎస్ అకడమిక్‌కి చదువుతున్నాను. అక్కడి నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్‌కి స్పీకింగ్, లిజనింగ్, రీడింగ్‌లో 7 చొప్పున, రైటింగ్‌లో 6.5 కావాలి. మిగతావి ఎలాగో లాక్కొస్తాను. నా భయమంతా స్పీకింగ్‌లో ఎగ్జామినర్‌తో చర్చ ఉండే మూడో పార్టే.

మొన్న కోచింగ్‌లో మాక్ టెస్ట్ పెట్టారు. పెద్దవాళ్ళని పిల్లలే ఇంట్లో చూసుకోవాలా, హోముల్లో పెట్టొచ్చా అని ప్రశ్న. పిల్లలే చూసుకోవాలని మొదలుపెట్టాను. చెప్తూ ఉండగా మా వార్డుకి వచ్చిన ఒక మామ్మగారు గుర్తొచ్చారు. పక్షవాతం. కొడుక్కీ కోడలికీ షిఫ్టు డ్యూటీలు. పగలంతా ఆవిడని పక్కకి తిప్పే మనిషి లేక వీపు పుండ్లు పడిపోయింది. కొడుకు చెడ్డవాడు కాదండీ, ఆసుపత్రి వరండాలో కూర్చుని ఏడ్చాడు. ఆ సంగతి గుర్తొచ్చాక నా నోటివెంట 'అందరి ఇళ్ళలోనూ కుదరదు, కొందరికి హోమే మంచిది' అని వచ్చేసింది.

సార్ అక్కడే ఆపేశారు. మొదట ఒకటి చెప్పి తర్వాత ఇంకోటి చెప్తే మార్కులు కోసేస్తారట, ఏదో ఒకవైపే నిలబడాలట. 'ఐ థింక్' అన్నప్పుడల్లా కాగితం మీద గీత పెట్టి, చివర్లో ఆ కాగితం నా చేతికిచ్చారు. అభిప్రాయాలు చెప్పే వాక్యాల లిస్టు ఒకటిచ్చి బట్టీ పట్టమన్నారు.

నిజంగానే మధ్యలో అభిప్రాయం మారితే తప్పా? 'ఐ థింక్' బదులు ఏం అనాలి? ఇంగ్లీషులో ఆలోచన ఎలా కుదురుతుందో, ఎలా మారుతుందో చెప్పే మాటలు ఎవరైనా వివరంగా చెప్తే రుణపడి ఉంటాను.

ద్వారకానగర్ కుర్రాడు:

అక్కా, మీ సార్ చెప్పింది కరెక్టే. నేనూ లిస్టు బట్టీ పట్టే వెళ్ళాను, 6.5 వచ్చింది. 'ఐ ఫర్మ్‌లీ బిలీవ్ దట్', 'ఇట్ ఈజ్ ఏన్ అన్‌డినైయబుల్ ఫ్యాక్ట్ దట్', 'ఎవ్రీ కాయిన్ హ్యాజ్ టూ సైడ్స్'. ఈ మూడూ ఏ ప్రశ్నకైనా అతుకుతాయి. అవి అంటుంటే ఆలోచించుకోడానికి టైమ్ కూడా దొరుకుతుంది. ఒక సైడ్ తీసుకో, దాన్నుంచి కదలకు. అంతే.

వాల్తేరు మాస్టారు:

అమ్మా, రిటైరయ్యేదాకా డిగ్రీ పిల్లలకి ఇంగ్లీషు చెప్పాను. మొదట్లో శ్రీకాకుళంలో, తర్వాతంతా విశాఖలోనే. ఇప్పుడు ఎంవీపీ కాలనీలో మా ఇంటి డాబా మీద సాయంత్రాలు కొందరు కూర్చుంటారు, వాళ్ళలో నీలాంటి నర్సులూ ఉన్నారు. అందుకే కొంచెం పెద్దదే రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ఐఎల్టీఎస్‌లో నీ అభిప్రాయానికి మార్కులుండవు. ఎగ్జామినర్ నాలుగు సంగతులు చూస్తాడు: ఆగకుండా, పొందికగా మాట్లాడుతున్నావా, ఎలాంటి మాటలు వాడుతున్నావు, వ్యాకరణం, ఉచ్చారణ. నాలుగింటికీ సమానమైన వాటా. మొత్తం స్పీకింగ్ 11 నుంచి 14 నిమిషాలు, అందులో మూడో పార్టు నాలుగైదు నిమిషాలు. ఆ కాసేపూ ఆయన నీతో చర్చ చేస్తాడు. చర్చలో మనిషి ఆలోచన కదలడం సహజం. అయితే కదిలిన సంగతి వినేవాడికి తెలియాలి. తెలియకపోతే పొందిక లేదనుకుంటాడు, మార్కు పోయేది అక్కడ. ఆ మామ్మగారు గుర్తొచ్చినప్పుడు నీ దగ్గర ఉండాల్సింది ఒక్క వాక్యం. 'యాక్చువల్లీ, నౌ దట్ ఐ థింక్ అబౌట్ ఇట్, ఇట్ డిపెండ్స్ ఆన్ ద ఫ్యామిలీ.' అది అనేసి మామ్మగారి కథ చెప్పి ఉంటే నీ జవాబు ఆ క్లాసులో అందరికంటే మంచి జవాబు అయ్యేది. 'ఆన్ సెకండ్ థాట్స్' అని కూడా అనొచ్చు. అమెరికా వాళ్ళు 'థాట్' అని ఏకవచనంలో అంటారు, బ్రిటిష్ వాళ్ళు బహువచనంలో. నువ్వు వెళ్ళేది అక్కడికే కాబట్టి 'థాట్స్' అలవాటు చేసుకో.

ఇక మాటలు. నేను పిల్లలకి లిస్టు ఇవ్వను. ఒక ప్రశ్న వేసి, నువ్వు ఈ విషయంలో ఎంతవరకు తేల్చుకున్నావు అని అడుగుతాను. మన బీచ్ రోడ్డు మీద పొద్దున్నే నడిచేవాళ్ళ కోసం బళ్ళు ఆపేస్తారు కదా. సాయంత్రం కూడా ఆపాలా? డాబా మీద ఈ ప్రశ్న వేస్తే గొడవ గొడవ అవుతుంది. మురీ మిక్చర్ బండివాడి కొడుకు ఒకడున్నాడు. బళ్ళు రాకపోతే బేరం ఉండదంటాడు మొదట. పిల్లల్ని వదిలేసి కూర్చునే కుటుంబాలు ఎక్కువ వస్తాయి కదా అని ఇంకో అమ్మాయి అంటే ఆలోచనలో పడతాడు. అప్పుడు వాడికి ఏ మాట కావాలి?

ఇంకా తేల్చుకోలేదు: 'ఐ హావెంట్ మేడ్ అప్ మై మైండ్ యెట్'. రెండువైపులా లాగుతోంది: 'ఐయామ్ ఇన్ టూ మైండ్స్ అబౌట్ ఇట్'. లాభనష్టాలు బేరీజు వేసుకుంటున్నాడు: 'ఐయామ్ వేయింగ్ అప్ ద ప్రోస్ అండ్ కాన్స్'. కొంచెం ఒకవైపు మొగ్గాడు: 'ఐయామ్ ఇంక్లైన్డ్ టు థింక్' లేదా 'ఐ టెండ్ టు థింక్'. మామూలుగా తన మాట చెప్పాలంటే 'ఐడ్ సే' చాలు. నీ 'ఐ థింక్' పక్కన మొట్టమొదట పెట్టుకోవాల్సింది ఇదే, చిన్నగా ఉంటుంది, నోటికి సులువు. ఇంక సందేహం లేదనుకుంటే 'ఐయామ్ కన్విన్స్‌డ్ దట్'.

బాబూ ద్వారకానగర్, 'ఫర్మ్‌లీ బిలీవ్' అన్నిటికీ అతకదు. సెలవుల్లో అరకు మంచిదా, బీచ్ మంచిదా అంటే 'ఐ ఫర్మ్‌లీ బిలీవ్' అనడం వినేవాడి చెవికి గుచ్చుకుంటుంది. అది 1966లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అంటూ వీధుల్లోకి వచ్చినవాళ్ళ స్థాయి మాట. ఆ ఉద్యమంలో మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ జనం 'స్టక్ టు దెయిర్ గన్స్', అంటే బెసకలేదు. 'పబ్లిక్ ఒపీనియన్' బలంగా ఉంది కాబట్టి కేంద్రం చివరికి 'కేమ్ రౌండ్'. 1970లో ఫ్యాక్టరీ ప్రకటించారు, 1971 జనవరిలో ఇందిరాగాంధీ వచ్చి శంకుస్థాపన చేశారు. చూశావా, ఒక పెద్ద కథంతా ఈ మూడు పదబంధాలతో చెప్పొచ్చు. మా పిల్లలు వీటిని మర్చిపోరు, ఎందుకంటే వాళ్ళ తాతలో తండ్రులో ఆ ప్లాంటులో పనిచేసినవాళ్ళు.

'కమ్ రౌండ్' గురించి ఇంకొక్క మాట. ఒక్కసారిగా మారినప్పుడు అది వాడరు. మొదట కాదన్నవాడు మెల్లమెల్లగా ఒప్పుకుంటే అప్పుడు: 'మై ఫాదర్ కేమ్ రౌండ్ టు ద ఐడియా'. నీ ఉద్యోగం విదేశంలో అంటే మీ ఇంట్లో ఎవరైనా మొదట వద్దని తర్వాత సరేనన్నారేమో, ఆ సందర్భానికి సరిగ్గా సరిపోతుంది. తీసుకున్న నిర్ణయం మీద గుబులు మొదలైతే 'ఐయామ్ హావింగ్ సెకండ్ థాట్స్'. నిర్ణయమైనా అభిప్రాయమైనా మారిపోతే 'ఐ చేంజ్‌డ్ మై మైండ్'. ఒక మనిషి మీద అభిప్రాయం మారితే మటుకు 'ఐ చేంజ్‌డ్ మై ఒపీనియన్ ఆఫ్ హిమ్'. మనిషి గురించైతే 'ఒపీనియన్ ఆఫ్', విషయం గురించైతే 'ఒపీనియన్ ఆన్' లేదా 'అబౌట్'. అన్నిటికంటే సులువైనదీ నాకు ఇష్టమైనదీ 'ఐ యూజ్డ్ టు థింక్... బట్ నౌ'. ఒకే వాక్యంలో పాత ఆలోచన, కొత్త ఆలోచన, మారిన సంగతి మూడూ వచ్చేస్తాయి. వ్యాకరణం దగ్గర కూడా నీకు మేలు చేస్తుంది.

మనం తెలుగులో 'కన్విన్స్ చేశాను' అని రెండు సందర్భాల్లోనూ అనేస్తాం. ఇంగ్లీషులో జాగ్రత్తగా వాడేవాళ్ళు నమ్మించడానికి 'కన్విన్స్', చేయించడానికి 'పర్‌స్వేడ్' అంటారు. మందు పనిచేస్తుందని పేషెంటుని 'కన్విన్స్' చేస్తావు, ఆ మందు వేసుకోమని 'పర్‌స్వేడ్' చేస్తావు.

తెలుగువాళ్ళం చేసే పొరపాట్లు కొన్ని చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. మనం 'అనుకుంటున్నాను' అంటాం, దాన్ని యథాతథంగా దింపి 'ఐయామ్ థింకింగ్ దట్ ఇట్ ఈజ్ గుడ్' అంటాం. అభిప్రాయం చెప్పేటప్పుడు 'ఐ థింక్' అనే ఉండాలి. 'థింకింగ్ ఆఫ్' అంటే ఏదో చేద్దామనే యోచన, 'ఐయామ్ థింకింగ్ ఆఫ్ అప్లయింగ్ దిస్ ఇయర్'. అలాగే 'అది మంచిది కాదనుకుంటున్నాను' అన్నప్పుడు మన 'కాదు' లోపలి వాక్యంలో ఉంటుంది. ఇంగ్లీషులో దాన్ని ముందుకి లాగి 'థింక్'కి తగిలిస్తారు: 'ఐ డోంట్ థింక్ ఇట్స్ ఎ గుడ్ ఐడియా'. మా పిల్లల్లో చాలామందికి ఈ ఒక్కటి సరిచేసుకోగానే మాట తీరే మారిపోతుంది. 'అకార్డింగ్ టు మీ' అనకు. 'అకార్డింగ్ టు' ఇంకొకరి మాటకో రిపోర్టుకో వాడేది, 'అకార్డింగ్ టు ద స్కాన్' అన్నట్టు. 'ఇన్ మై పాయింట్ ఆఫ్ వ్యూ' కాదు, 'ఫ్రమ్ మై పాయింట్ ఆఫ్ వ్యూ'. 'ఐయామ్ అగ్రీ' మాత్రం పొరపాటున కూడా వద్దు.

లీడ్స్‌లో వైజాగ్ అమ్మాయి:

చెల్లీ, నేను లీడ్స్‌లో మెడికల్ వార్డులో పనిచేస్తున్నాను, పుట్టి పెరిగింది మర్రిపాలెం. మాస్టారు చెప్పిందాంట్లో నేను మార్చేదేమీ లేదు. ఇక్కడికొచ్చాక ఈ మాటలు ఎక్కడ పనికొస్తాయో చెప్తాను, పరీక్ష కంటే అది ముఖ్యం.

డాక్టరుకి ఫోన్ చేసేటప్పుడు మేం ఎస్‌బార్ పద్ధతిలో చెప్పాలి. సిట్యుయేషన్, బ్యాక్‌గ్రౌండ్, అసెస్‌మెంట్, రికమెండేషన్. ఇది పుట్టింది అమెరికా నేవీ అణు జలాంతర్గాముల్లో, అక్కడినుంచి ఆసుపత్రులకొచ్చింది. మన బీచ్ రోడ్డులో మ్యూజియంగా పెట్టిన కురుసుర జలాంతర్గామి లోపలికి వెళ్ళొచ్చినవాళ్ళకి ఎందుకో ఇట్టే తెలుస్తుంది, అంత ఇరుకులో చుట్టుతిప్పి చెప్పే తీరిక ఎవరికీ ఉండదు. అందులో మూడోది, అసెస్‌మెంట్, అచ్చంగా నీ అభిప్రాయమే. అక్కడ వాడే వాక్యం ఏంటో తెలుసా? 'ఐ థింక్ ద ప్రాబ్లమ్ ఈజ్...' తేల్చుకోలేకపోతే 'ఐయామ్ నాట్ ష్యూర్ వాట్ ద ప్రాబ్లమ్ ఈజ్, బట్ ద పేషెంట్ ఈజ్ డిటీరియరేటింగ్'. కాబట్టి 'ఐ థింక్' అన్నందుకు సిగ్గుపడకు. తెలియదని కూడా అనొచ్చు, అయితే పేషెంటు పరిస్థితి దిగజారుతోందని చెప్పి తీరాలి.

డాక్టరు వినిపించుకోకపోతే మాట గట్టిపడుతూ పోవాలి. దానికి కస్ అని మూడు మెట్లున్నాయి: 'ఐయామ్ కన్సర్న్‌డ్', తర్వాత 'ఐయామ్ అన్‌కంఫర్టబుల్', ఆఖరికి 'దిస్ ఈజ్ ఎ సేఫ్టీ ఇష్యూ'. మనూళ్ళో పెద్ద డాక్టరు ముందు నోరెత్తడమే గగనం. ఇక్కడ నోరెత్తకపోతే తప్పు మనదవుతుంది.

ఇంకోటి. బ్రిటిష్ సిస్టర్ 'ఐయామ్ నాట్ ఎంటైర్లీ కన్విన్స్‌డ్' అందంటే సగం ఒప్పుకుందని అనుకోకు, దాదాపు వద్దన్నట్టే. 'ఐ టేక్ యువర్ పాయింట్, బట్' అంటే నీ మాట విన్నాను, నా మాట మీదే ఉన్నాను. 'ఫెయిర్ ఇనఫ్' అంటే మటుకు సరే, ఒప్పుకున్నాను.

పేషెంటు అభిప్రాయం మారడం ఇక్కడ హక్కు. కన్సెంట్ ఫారం మీద సంతకం పెట్టినా, తెలివిలో ఉండి 'ఐ హ్యావ్ చేంజ్‌డ్ మై మైండ్' అంటే ఆపేయాలి. 'సెకండ్ ఒపీనియన్' మాట నీకు తెలిసిందే. 2024 నుంచి ఇంగ్లండ్ ఆసుపత్రుల్లో దశలవారీగా మార్తాస్ రూల్ వచ్చింది. మార్తా మిల్స్ అనే 13 ఏళ్ళ పాప 2021లో ఆసుపత్రిలో సెప్సిస్‌తో చనిపోయింది. పాప పరిస్థితి బాలేదని తల్లిదండ్రులు చెప్తూనే ఉన్నారు. వాళ్ళ పోరాటం వల్ల, ఇప్పుడు కుటుంబానికి అనుమానం వస్తే వేరే టీమ్ వచ్చి చూడమని అడగొచ్చు. ఆ కథ చదివి నేను రెండు పూటలు అన్నం తినలేకపోయాను. మన వార్డులో తల్లి 'ఏదో తేడాగా ఉందమ్మా' అంటే అది కూడా అభిప్రాయమే, రాసుకోవాల్సిన అభిప్రాయం.

ద్వారకానగర్ కుర్రాడు:

మాస్టారూ, మీరు చెప్పినవి బాగున్నాయి గానీ ఎగ్జామినర్ ఎదురుగా కూర్చున్నాక ఇన్ని మెట్లు ఎవరికి గుర్తొస్తాయండీ? నాకైతే అప్పుడు నా పేరు కూడా గుర్తుకు రాలేదు. బట్టీ పట్టింది ఉంటే కనీసం నోరు తెరుచుకుంటుంది కదా.

వాల్తేరు మాస్టారు:

నిజమే నాయనా, భయం అలాంటిది. అందుకే ఇన్నీ ఒకేసారి వద్దు. ఒక వారం మూడే పట్టుకో: 'ఐడ్ సే', 'ఐయామ్ ఇన్ టూ మైండ్స్', 'ఐ యూజ్డ్ టు థింక్'. పరీక్ష కోసం దాచిపెట్టకుండా ఇంట్లో, బస్సులో, క్రికెట్ గురించి మాట్లాడేటప్పుడు వాడు. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర బస్సు కోసం నిలబడ్డప్పుడు ఫోన్లో రికార్డు చేసుకున్నా ఎవరూ పట్టించుకోరు. నోటికి పట్టిన మాట భయంలోనూ వస్తుంది. బట్టీ వాక్యం కూడా వస్తుంది, కాదనను. అయితే బట్టీ పట్టిన జవాబుని గుర్తుపట్టడం ఎగ్జామినర్లకి శిక్షణలో భాగం. నీ 'అన్‌డినైయబుల్ ఫ్యాక్ట్' తర్వాత వచ్చే మామూలు వాక్యం దానికి ఏ రకంగానూ సరిపోదు, ఆ తేడా వెంటనే వినిపిస్తుంది. ఇంకో సంగతి కూడా ఉంది. 'అన్‌డినైయబుల్ ఫ్యాక్ట్' అంటే కాదనలేని నిజం. అభిప్రాయం అడిగితే నిజం అని జవాబిస్తే అవతలివాడికి చర్చించడానికి ఏం మిగులుతుంది?

గాజువాక నర్సు:

మాస్టారూ, అక్కా, మీ ఇద్దరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియట్లేదు. నైట్ డ్యూటీ అయ్యాక ఆ ప్రశ్నకే మళ్ళీ జవాబు చెప్పి రికార్డు చేశాను. విని రాసింది ఇది, ఏమీ మార్చలేదు:

'ఐడ్ సే చిల్డ్రన్ షుడ్ లుక్ ఆఫ్టర్ దెయిర్ పేరెంట్స్ ఎట్ హోమ్, బికాజ్ ఓల్డ్ పీపుల్ ఫీల్ సేఫ్ దేర్. యాక్చువల్లీ, నౌ దట్ ఐ థింక్ అబౌట్ ఇట్, ఇట్ డిపెండ్స్ ఆన్ ద ఫ్యామిలీ. ఐ నర్స్‌డ్ ఏన్ ఓల్డ్ లేడీ హూ కేమ్ విత్ బెడ్ సోర్స్, బికాజ్ నోబడీ వాజ్ ఎట్ హోమ్ టు టర్న్ హర్. హర్ సన్ లవ్‌డ్ హర్ వెరీ మచ్. ఐ యూజ్డ్ టు థింక్ కేర్ హోమ్స్ ఆర్ ఫర్ పీపుల్ హూజ్ చిల్డ్రన్ డోంట్ లవ్ దెమ్. బట్ నౌ ఐయామ్ థింకింగ్ దట్ ఎ గుడ్ హోమ్ ఈజ్ బెటర్ దేన్ ఏన్ ఎంప్టీ హౌస్.'

వాల్తేరు మాస్టారు:

తల్లీ, చాలా బాగుంది. రెండే సవరణలు. 'ఐ యూజ్డ్ టు థింక్' తర్వాత 'ఆర్', 'డోంట్' బదులు 'వర్', 'డిడింట్' పెట్టు, అది నీ పాత ఆలోచన కనుక. చివర్లో మళ్ళీ 'ఐయామ్ థింకింగ్ దట్' దూరింది, దాన్ని 'బట్ నౌ ఐ థింక్' చెయ్యి. అక్కడ 'ఐ థింక్' ఎంత హాయిగా ఉందో చూడు, మీ సార్ గీత పెట్టినా పెట్టనీ. 'హర్ సన్ లవ్‌డ్ హర్ వెరీ మచ్' దగ్గర ఒక్క క్షణం ఆగి చెప్పు, నీ ఆలోచన మళ్ళింది అక్కడే. 'ఎంప్టీ హౌస్' నేనైతే ఒక్క అక్షరం కూడా ముట్టుకోను.

రేపటికి ఇంకో ప్రశ్న. నర్సులు సమ్మె చేయొచ్చా? 2022 డిసెంబరులో యూకేలో రాయల్ కాలేజ్ ఆఫ్ నర్సింగ్ వాళ్ళు సమ్మెకి దిగారు, లీడ్స్ అమ్మాయికి నాకంటే ఎక్కువ తెలిసుంటుంది, ఆవిణ్ణి అడుగు. ఎటూ తేల్చుకోలేకపోతే 'ఐయామ్ ఇన్ టూ మైండ్స్' అని మొదలుపెట్టి, రెండువైపులా నిన్ను లాగుతున్నవి ఏమిటో చెప్పు. రికార్డు చేసి ఇక్కడే పెట్టు, డాబా మీద పిల్లలకి కూడా వినిపిస్తాను.